గచ్చకాయలు

కాశీబుగ్గ రేషన్ దుకాణంలో
మిషన్ నా బొటనవేలిని ఆరుసార్లు అడిగింది.
ఆరుసార్లూ
నేను నేను కాదంది.

జీడిపిక్క నూనె గీతలు తినేసింది.
పదకొండో ఏట మొదలెట్టింది తినడం,
దాని ఆకలి ఇంకా తీరలేదు.

అంతకుముందు ఈ వేళ్లకు వేరే పనుండేది.

మందస దారిలో మా ఎలిమెంటరీ బడి,
అరుగు మీద నేను, దాలమ్మ, బొచ్చ పార్వతి.
దిబ్బల మీద ముళ్లకంపలో చెయ్యి పెట్టి
గీరుకుపోయి తెచ్చుకున్న ఐదు గచ్చకాయలు,
బూడిదరంగువి, నున్నటివి.
ఒకటి పైకి.
అది దిగేలోపు కిందవి రెండు చేతిలోకి.
ఆ 'లోపు' ఎంత పెద్దదో అప్పట్లో!
ఒక ఊపిరి, ఒక నవ్వు,
పార్వతి జడ లాగడం కూడా అందులో పట్టేవి.
రెండో ఎక్కం నాకు మాస్టారు చెప్పింది కాదు.
ఓడినదానికి శిక్ష:
కాయను గచ్చు మీద బరబరా రుద్ది
మోచేతికి అంటించడం.
సుర్రుమనేది.
ఏడ్చేవాళ్లం. మళ్లీ కూచునేవాళ్లం.

ఐదో తరగతి పరీక్షల ముందు అమ్మకు జొరం.
అమ్మ పీట మీద నేను కూచున్నాను, జీడిబట్టీలో.
ఒక్క వారమే అన్నారు.
ఆ వారం ముప్పై ఎనిమిదేళ్లు సాగింది.

రోజుకెన్ని కిలోలు, కిలోకెంత
అన్నదొక్కటే చదువు.
పైకి ఎగరేసేదంటూ ఏమీ లేదు,
అన్నీ కిందే, అన్నీ కొట్టేవే.
మధ్యలో ఒకసారి రాత్రిబడి పెట్టారు.
'అ' దగ్గర నిద్రపోతే
'ఆ' దగ్గర టీచరమ్మ లేపేది.
సంతకం దాకా వచ్చాను: తవిటమ్మ.
చివర ఆ 'మ్మ' రాయడం ఎంతిష్టమో,
బిడ్డ చంకనెక్కినట్టు ఉంటుంది.
తర్వాత లాంతర్లకు నూనె లేదన్నారు.

తిత్లీ వచ్చిన రాత్రి
మమ్మల్ని పడుకోబెట్టింది ఆ బడిలోనే.
తెల్లారి చూస్తే
జీడితోటలు ఒకే పక్కకు దువ్వినట్టు పడున్నాయి.
పిక్క లేదు, పని లేదు.
చేతులు ఒళ్లో పెట్టుకుని కూచున్నాం,
ఎవరో దాచమని ఇచ్చిన వస్తువుల్లా.

బల్లకింద ఒక గుంటడు, యోగీసు,
జామెట్రీ పెట్టె తెరిచాడు.
కంపాసు లేదు, కొలబద్ద లేదు.
ఐదు గచ్చకాయలు.
"ఆడతావేటి మామ్మా?"

ఎగరేశాను. పడిపోయింది.
మళ్లీ వేశాను. ముక్కు మీద పడింది.
వాడు నవ్వలేదు. "మల్లీ ఎయ్యి" అన్నాడు.
నాలుగోసారి వేళ్లే,
నన్నడక్కుండా,
రెండు ఏరి పైదాన్ని పట్టుకున్నాయి.

పదకొండు రోజులున్నాం అక్కడ.
వాడు నాకు ఏడో ఎక్కం నేర్పాడు,
నేను వాడికి దొంగాట నేర్పాను.
వెళ్లేరోజు నాలుగే తిరిగిచ్చాను.

ఇప్పుడు క్యారేజీలు కడిగాక
పావుగంట మాది.
మోకాళ్లు వంగనివాళ్లం సంచుల మీద కూచుంటాం.
వేళ్ల తిమ్మిరికి రబ్బరుబంతి పిసకమన్నాడు డాక్టరు,
నాగరత్నం ఆ బంతి మనవడికిచ్చేసి ఇటొచ్చింది.
"ఇదేటి సిన్నగుంటల ఆట" అని మేస్త్రీ గురువులు వెక్కిరిస్తాడు,
ఎవరైనా లెక్క తప్పితే ముందు అరిచేదీ అతనే.

అచ్చియ్యమ్మ మాత్రం గోడకానుకుని చూసేది.
తోటా పెనిమిటీ ఒకే ఏడు పోయాక
ఆమె గొంతు ఎలా ఉంటుందో మర్చిపోయాం.
పలకరిస్తే తలూపేది, అంతే.

మొన్న మంగళవారం
ఆ ఐదో కాయను గచ్చు మీద రుద్దాను,
బరబరా, వేడెక్కేదాకా.
పిల్లిలా వెనకనుంచి పోయి
ఆమె మోచేతికి అంటించాను.

"ఓలమ్మో! నీ సెయ్యిరిగిపోనే తవిటీ!
నీకేటొచ్చిందే మాయరోగం!"

షెడ్డు షెడ్డంతా బిగుసుకుపోయింది.
తిట్టింది, తిట్టింది,
మా అత్తింటివాళ్లనీ పుట్టింటివాళ్లనీ వంతుల వారీగా తిట్టి,
కాలితో ఓ సంచి లాక్కుని,
కూలబడి, చెయ్యి చాపింది:

"ఇలాగియ్యండి.
మీకెవర్తికీ ఎగరెయ్యడం రాదు."